పేటలో మొదటోడు, పెట్టెలో ఆఖరోడు

పేటలో అందరం ఒక్కమాట మీద ఒకణ్ణి నిలబెడతాం. ఊరు ఇంకొకణ్ణి గెలిపిస్తుంది. ఇద్దరూ మనోళ్ళే, సీటూ మనదే. మరి గెలిచిందెవరు? ఈ ప్రశ్న ఇవాళ్టిది కాదు, 1932 నాటిది.

ఆ ఏడు సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక జరిగింది. మన ప్రతినిధిని మనమే ఎంచుకునే ప్రత్యేక ఓటు పోయింది. బదులుగా రాష్ట్రాల శాసనసభల్లో 148 సీట్లిచ్చారు. అందులో 30 మద్రాసువి. మన గోదావరి జిల్లాలు అప్పుడు అందులోనే. ఊరటగా ఒక ఏర్పాటు కూడా పెట్టారు. ముందు మన ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగుర్ని ఎంచాలి, ఆ నలుగురిలో ఒకణ్ణి అన్ని కులాలవాళ్ళూ కలిసి గెలిపించాలి. ఆ మొదటిదే ప్రాథమిక ఎన్నిక. బడి పుస్తకంలో దీనికి రెండు వాక్యాలు దక్కితే గొప్ప.

చూడ్డానికి బాగానే ఉంది గదా! కిటుకెక్కడంటే, మన ఓట్లతో మొదట వచ్చినోడికీ, బొటాబొటిగా నాలుగోవాడైనోడికీ తేడా లేదు. రెండో పోటీలో ఇద్దరూ సమానమే. పేట మోసిన మనిషిని పక్కనబెట్టి, కామందు అరుగు ముందు చేతులు కట్టుకు నిలబడేవాణ్ణి ఊరు ఎత్తుకుంటే అడిగేదెవరు? 1946లో దేశం మొత్తం మీద 151 రిజర్వుడు సీట్లలో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్‌కు దక్కినవి రెండు. మొదటి విడతలో మనవాళ్ళు మెచ్చినోళ్ళే రెండో విడతలో ఓడారని అంబేడ్కర్ గారు లెక్కలు చూపి వాదించారు.

అయితే ఎదురుగాలి ఉన్నచోట ఇంటి ఎన్నిక గెలవడం దండగేనా? అమెరికాలో సౌత్ కరొలినా రాష్ట్రం చూడండి. 1976 తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్లకు అక్కడ గెలుపే లేదు. అయినా 2020 ఫిబ్రవరి 29న, పార్టీ అభ్యర్థిని ఎంచే ప్రాథమిక ఎన్నికలో నల్లవాళ్ళు బైడెన్‌ను గెలిపించారు. ఓటేసినవాళ్ళలో సగానికి పైగా వాళ్ళే. నవంబరులో ఆ రాష్ట్రం ట్రంప్‌కే పోయింది. మరి వాళ్ళ ఓటు వృథా అయిందా? వెనకబడిన బైడెన్ లేచింది ఆ గెలుపుతోనే. నాలుగు రోజుల ముందు ఆ రాష్ట్రంలోనే నిలబడి, సుప్రీంకోర్టుకు నల్లజాతి స్త్రీని పంపుతానని మాటిచ్చాడు. 2022లో కేటాంజీ బ్రౌన్ జాక్సన్‌ను పంపాడు. అక్కడ ఇంటి గెలుపు ప్రతినిధుల లెక్కలో పడి పార్టీ మహాసభ దాకా నడుస్తుంది. పూనా ఏర్పాటులో మన గెలుపు గడప దాటలేదు.

ఇప్పుడు మనకు ఆ సగం ఎన్నిక కూడా లేదు. అమలాపురం, రాజోలు, కొవ్వూరు, గోపాలపురం పేరుకు మన సీట్లే. టికెట్టు ఎవరికో తేల్చేది ఏ పేట? జెండా రంగు ఏదైనా తంతు ఒకటే. పంచాయతీలో అయితే ఏకగ్రీవం పేరుతో అరుగు మీదే తెల్లారిపోతుంది. మాలపేట, మాదిగపేట విడివిడిగా కూర్చుంటే వాళ్ళ పని మరీ సులువు. చేదుగా ఉన్నా ఈ మాట మేం అనాల్సిందే.

సర్పంచి ఎన్నికలకు ముందే రెండు పేటలూ ఒక రాత్రి కలిసి కూర్చోండి. ఆడవాళ్ళు లేకుండా కూర్చోకండి. చీటీల మీద ఓట్లేసి మనిషిని ఎంచండి. ఎవరికెన్ని వచ్చాయో కాగితం మీద రాసి, సంతకాలూ వేలిముద్రలూ పెట్టి, ఓట్లడగొచ్చిన ప్రతి పార్టీవాడి చేతిలో పెట్టండి. కాదన్నోడు ఎందుకు కాదన్నాడో మీ ముందే చెప్పాలి. ఆ కాగితం నకలు ఒకటి మాకు పంపండి, అచ్చేస్తాం.