వినోదపు వెల

వేసవి సెలవులు సమీపించుచున్నవనగానే మన సీమలోని సామాన్య గృహములందు ఒక చర్చ తప్పక జరుగుచుండును. బిడ్డలు హైదరాబాదుకో బెంగుళూరికో పోయి పెద్ద రాట్నము లెక్కవలెనని పట్టుపట్టుదురు. తల్లి వ్రేళ్ళు మడిచి లెక్క చూచును. తండ్రి కొంతసేపు మౌనము వహించి, "వచ్చే యేడు చూతము" అని లేచిపోవును. ఆ వచ్చే యేడు ఎన్నేండ్లకు వచ్చుచున్నదో, అసలు వచ్చుచున్నదో లేదో, ఎవరును విచారింపరు. ఇది ఇంటింటి చిన్న ముచ్చటయని త్రోసివేయుట కొందఱకు సులభము కావచ్చును. మాకట్లు తోచుట లేదు. ఒక తరము బిడ్డలు తమ బాల్యమును ఎట్లు గడుపుచున్నారను ప్రశ్న ఇందులో నిమిడియున్నది.

థీము పార్కులని నేడు మనవారు పిలుచు వినోదోద్యానములు క్రొత్తవేమియు గావు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనులోని టివోలీ 1843లోనే వెలసెను. మన దేశమున ఢిల్లీ నగరమున అప్పూఘర్ 1984లో ప్రారంభమై, 2008లో మూతపడెను. తెలుగు దేశమునకు సంబంధించినంతవరకు హైదరాబాదు చెంత రామోజీ ఫిలిం సిటీ 1996లో ఏర్పడెను. బెంగుళూరు చెంత వండర్లా 2005లో తెఱవబడెను. అదే సంస్థవారి పార్కు 2016లో హైదరాబాదు శివారున రావిర్యాలలోను వెలసినది. కర్నూలు, కడప జిల్లాలలో ఆ స్థాయి పార్కు ఒక్కటియు లేదు. కావున మన బిడ్డలకు వినోదమన్న కర్నూలునుండి సుమారు 210 కిలోమీటర్లు ఉత్తరముగా హైదరాబాదుకు గాని, అంతకంటె దూరము బెంగుళూరుకు, చెన్నపట్టణమునకు గాని పోవుటయే యగుచున్నది. టిక్కెట్టు ధరకు ముందే దారిబత్తెము మనకు అదనపు భారము.

ఇక లెక్కకు వత్తము. పేరుపొందిన పార్కులలో పెద్దలకు ప్రవేశ రుసుము వేయి రూపాయలు దాటి చాలదినములైనది. పిల్లలకు కొంత తగ్గింపు గలదు. తల్లి, తండ్రి, ఇద్దఱు బిడ్డలు గల కుటుంబమునకు గేటు దాటుటకే నాలుగు వేలకు అటునిటుగా కావలెను. 2025-26లో ఆంధ్రప్రదేశమునకు ఉపాధి హామీ పనికి నిర్ణయింపబడిన దినకూలి 307 రూపాయలు. అనగా ఒక కూలివాడు పదుమూడు దినములు ఎండలో మన్ను త్రవ్విన యెడల, ఆ డబ్బుతో తన కుటుంబమునకు ఒక్కదినపు వినోదము కొనగలడు. బస్సు చార్జీలు, లోపలి భోజనము, రాత్రి నిలుచు గది అద్దె ఇందులో చేరలేదు. కూలివాని మాట యట్లుండగా, చిల్లర దుకాణదారుడు, ప్రైవేటు బడిలోని ఉపాధ్యాయుడు, ఆటో నడుపువాడు, గుమాస్తా - వీరిలో ఎవరికిని ఇది చిన్న మొత్తము కాదు.

ధర పెరిగినంత మాత్రమున జనులు విహారము మానుకొనుట లేదు. విహరించు పద్ధతిని మార్చుకొనుచున్నారు. ఆ మార్పే విచారింపదగినది. రెండు రాత్రులు నిలుచువారు ఒక్క దినముతో సరిపెట్టి, తెల్లవారుజామున బయలుదేరి నడిరేయికి ఇల్లు చేరుచున్నారు. ఏడాదికొక పర్యాయము పోవువారు మూడేండ్లకొకసారి పోవుచున్నారు. కొందఱు బిడ్డలను మాత్రము బడివారి విహారయాత్రతో పంపి తామింట నిలిచిపోవుచున్నారు. మఱికొందఱు అప్పుచేసి పోవుచున్నారు. కుటుంబమంతయు కలసి గడుపవలసిన సెలవు ఇట్లు ముక్కలు చేయబడుచున్నది.

ఈ ముక్కలలో మొదట జారిపోవువారు వృద్ధులు. జేజియు, తాతయు రాట్నమెక్కరు. అయినను వారికి టిక్కెట్టు తప్పదు. కొంత తగ్గింపు దొరికినను ఊరక లోనికి పోనీయరు. అందుచే "మీరింటిదగ్గర ఉండండి, ఎండదెబ్బ తగులును" అని ప్రేమగా చెప్పి వదలి పోవుదురు. ఆ మాటలో ప్రేమ ఎంత కలదో, పొదుపు ఎంత కలదో ఇరువురికిని తెలియును. తరువాత జారిపోవునది సద్దిమూట. మన సీమవాడు ప్రయాణమైనచో జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, చిత్రాన్నము, బొరుగులు మూటగట్టుకొనుట ఆచారము. పలు పార్కులలో బయటి తిండిని లోనికి రానీయరు. గేటువద్ద మూట విడిచి, లోపల హెచ్చువెలకు తినవలెను. ఇక ఆదివారములందును, సెలవుదినములందును టిక్కెట్టు వెల హెచ్చించుట పరిపాటియైనది. బడికిపోవు బిడ్డలు గలవాడు సెలవు లేని దినమున ఎట్లు పోగలడు? ఎవనికి వేఱు దారి లేదో వానిపైననే అధికభారము పడుచున్నది.

ఈ పోకడ మనదేశమున బుట్టినది కాదు. అమెరికాలో డిస్నీలాండు 1955లో తెఱచినప్పుడు ప్రవేశ రుసుము ఒక్క డాలరు; ఆటలకు వేఱుగా చీట్లు కొనుక్కొనువారు. 2016 నుండి అచ్చట రద్దీని బట్టి ధర నిర్ణయించు పద్ధతి వచ్చెను. నేడు మిక్కిలి రద్దీగల దినమున ఒకరికి ఒకదినపు టిక్కెట్టు 200 డాలర్లు మించినది. మన కడప, కర్నూలు జిల్లాలనుండి పోయి ఆ దేశమున ఉద్యోగములు చేయుచున్నవారు తమ్ము చూడవచ్చిన తల్లిదండ్రులను అచ్చటికి గొనిపోవుదురు. టిక్కెట్టు వెలను రూపాయలలోనికి మార్చి చూచుకొన్న ఆ పల్లెటూరి తల్లి గుండె గుభేలుమనుట సహజము. ఆ పోకడయే కొంత తగ్గు స్థాయిలో మన గుమ్మములోనికి వచ్చియున్నది.

పార్కు యజమానులను దూషించుట మా యుద్దేశము కాదు. వారు ధర్మసత్రములు నడుపుట లేదు. భూమి కొనవలెను, యంత్రములు తెప్పింపవలెను, ప్రాణముల పూచీ గనుక ప్రతిదినము వానిని పరీక్షింపవలెను, విద్యుత్తునకును, నీటికిని, సిబ్బందికిని వెచ్చింపవలెను. 2020లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు నెలల తరబడి తలుపులు మూసికొని నష్టపడిరి. అయితే ప్రభుత్వము తీసికొను భాగము మాట యేమి? 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చినప్పుడు ఇట్టి పార్కుల ప్రవేశముపై నూటికి 28 వంతుల పన్ను విధింపబడెను. 2018 జనవరి 25 నుండి అది 18 వంతులకు తగ్గింపబడెను. వేయి రూపాయల ధరపై 180 రూపాయలు. నలుగురికి 720 రూపాయలు. అది రెండు దినముల కూలిని మించినది. 2025 సెప్టెంబరు 22 నుండి నూరు రూపాయలలోపు సినిమా టిక్కెట్టుపై పన్ను 5 వంతులకు దింపబడినది. తక్కువ ధర టిక్కెట్టు సామాన్యునిదనియు, దానిపై తక్కువ పన్నుండవలెననియు ప్రభుత్వమే అంగీకరించినది గదా! ఆ న్యాయమును పిల్లల ఉద్యానములకును ఏల వర్తింపజేయరాదు?

"త్రాగునీటికి కటకటలాడు రాయలసీమలో రాట్నముల గొడవ యేల?" అని అడుగువారు కలరు. ఈ ఆక్షేపణను మేము తేలికగా కొట్టివేయము. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి ప్రాంతములనుండి దీపావళి దాటినదాది కుటుంబములకు కుటుంబములు పత్తి తీయుటకు, మిరపకాయలు కోయుటకు గుంటూరు సీమకును, తెలంగాణమునకును తరలిపోవుచున్నవి. దానిని అచ్చటివారు సుగ్గికి పోవుట యందురు. ఆ బిడ్డలకు బస్సెక్కుట యనగా బడి విడుచుటయే. ప్రయాణమనగా చేలగట్టున గుడారములో పండుకొనుటయే. వారి ముందు వేయి రూపాయల టిక్కెట్టు మాట ఎత్తుటకే మాకు సిగ్గగుచున్నది. కాని ఆ సిగ్గు మనలను వేఱొక సత్యమునకు గొనిపోవలెను. జూను నెలలో బడులు తెఱచిన దినమున ఒక బిడ్డ తాను చూచిన జలక్రీడల ముచ్చట చెప్పును. ప్రక్కనున్న బిడ్డ తలవంచుకొని వినును. నీరు కావలెను, కూడు కావలెను; అవి దొరికినవెనుక నవ్వును గావలెను. బీదవాని బిడ్డకు నవ్వు అనవసరమని తలచు సమాజము, వానికి నీరును సరిగా ఇయ్యదు.

మన పెద్దలు వినోదమును ఇట్లు వెలగట్టి యుండలేదు. మహానందిలో శివరాత్రి తిరునాళ్ళు, కడపలో అమీన్‌పీర్ దర్గా ఉరుసు - వీనికి గేటు లేదు, టిక్కెట్టు లేదు. చెక్కగుఱ్ఱముల రంగులరాట్నము ఎక్కిన బిడ్డ, చెఱకుగడ నమలుచు తాత భుజముపై ఇల్లు చేరెడివాడు. వేసవి వచ్చిన అమ్మమ్మగారి యూరికి పోయి, బావిలో ఈతలాడి, బనగానపల్లె బేనిషాను మామిడిపండ్లు తిని, నెలదినములు గడపి వచ్చెడివారు. హైదరాబాదు నాంపల్లిలోని నుమాయిషు చూడుడు: 1938లో ఆరంభమైన ఆ ప్రదర్శనశాల నేటికిని సామాన్యునికి అందుబాటు రుసుముతో నడచుచున్నది. దానిని నిర్వహించు ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలనుగూడ పోషించుచున్నది. వినోదము లాభముకొఱకే నడువవలెనను నియమము ఎక్కడను లేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

మఱి మన యింటి ముంగిట నున్నదేమి? నంద్యాల జిల్లాలోని బెలుం గుహలను 1884లో రాబర్టు బ్రూస్ ఫూటు పరిశీలించెను. 1980వ దశాబ్దమున జర్మను పరిశోధకులు లోపలికి పోయి కొలతలు తీసిరి. 3,229 మీటర్ల పొడవుగల ఆ గుహలు 2002 నుండి సందర్శకులకు తెఱవబడియున్నవి. కడప జిల్లాలో గండికోటవద్ద పెన్న ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పాఱుచున్న లోయను చూచుటకు దూరదేశస్థులు వచ్చుచున్నారు. కర్నూలునుండి నంద్యాల పోవు దారిలో ఓర్వకల్లు రాతివనము కలదు. వీనిలో ప్రకృతి చేసిన పని యెల్ల పూర్తియైనది. మానవుడు చేయవలసినదే మిగిలియున్నది. వేసవిలో నలువదిమూడు, నలువదినాలుగు డిగ్రీల యెండ కాయు సీమలో నీడ చాలదు. త్రాగునీరు, ఆడువారికి శుభ్రమైన మరుగుదొడ్లు, పట్టణములనుండి నేరుగా పోయి సాయంత్రమునకు తిరిగి తెచ్చు బస్సులు - ఇవి లేక కుటుంబములు వెనుదీయుచున్నవి. గండికోట అభివృద్ధికి 2024లో కేంద్రప్రభుత్వము దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. ఆ ధనము ధనికుల విడిదిగృహములకు గాక, సద్దిమూటతో వచ్చువానికి నీడనిచ్చుటకు మొదట వ్యయపడవలెనని మా కోరిక.

ఇంకొక సదవకాశము గలదు. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పథకము క్రింద రాష్ట్రములోపల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పింపబడినది. హైదరాబాదు పోవువారికి ఇది పనికిరాదు. రాష్ట్రపు ఎల్లలోపలనే చెల్లును. కాని బెలుమునకు, మహానందికి, గండికోటకు పోవు తల్లికిని, అవ్వకును, ఆడబిడ్డలకును దారిఖర్చు తగ్గినట్లే. బస్సు లేనిచోట ఉచితమునకు అర్థము లేదు. సెలవులలో ఈ స్థలములకు ఆ తరగతి బస్సులను హెచ్చుగా నడుపుట ఆర్టీసీవారి విధి.

కావున మేము కోరునవి నాలుగు. తక్కువ ధర గల బాలల టిక్కెట్టుపై పన్ను తగ్గింపవలెను. పార్కు యజమానులు బడి సెలవులలో కొన్ని దినములనైనను సామాన్య కుటుంబములకు సరసమైన ధర ప్రకటించి, లోపల కాకున్న గేటు వెలుపలనైనను సద్ది విప్పుకొనుటకు నీడగల చోటు చూపవలెను. మన జిల్లాల విహారస్థలములలో నీడ, నీరు, మరుగుదొడ్డి, బస్సు ఈ నాలుగును వేసవికి ముందే సిద్ధపడవలెను. ప్రభుత్వ పాఠశాలలలోని ప్రతి బిడ్డకును, ముఖ్యముగా సుగ్గికి పోయివచ్చిన బిడ్డకు, ఏడాదికొక దినపు విహారయాత్ర రుసుము లేక జరుగవలెను. ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు.

తల్లిదండ్రులకు ఒక మాట. అప్పుచేసి పోయిన విహారము తిరిగివచ్చిన మఱునాడే చేదగును. పోగలిగిన నాడు సంతోషముగా పోవుడు. పోలేని నాడు బిడ్డయెదుట తలవంచుకొనకుడు. గండికోట లోయ అంచున సాయంకాలమున జేజి చేయి పట్టుకొని నిలిచిన బిడ్డ, జూనులో తన తరగతిలో చెప్పుకొనుటకు ఏమియు లేనివాడు కాడు. అయితే వానిని ఆ యంచునకు చేర్చు బస్సు, వాని దప్పి తీర్చు నీరు సమకూర్చుట ఏలికల పని. ఆ పని రాబోవు వేసవిలోపల జరుగునా యని మేము ఎదురుచూచుచుందుము; జరుగనిచో మఱల అడుగుదుము.