తువ్వాలు విసిరే చెయ్యి

మొన్న మా అక్క నల్లగొండ నుంచి ఫోను చేసింది. "తమ్మీ, నువ్వు చదువుకున్నోనివి. వీడు ఇనుప జాలీ లోపల దిగి కొట్లాడుతడంట. పంపాల్నా, వద్దా?" అన్నది.

వీడంటే నా మేనల్లుడు. ఆ కొట్లాటను మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారు. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు, మెడ బిగింపులు అన్నీ అందులో చెల్లుతాయి. వాణ్ణి అడిగితే, "పట్లు బాగ నేర్చిన మామా. పనితనం ఉన్నోనికి భయమేంది?" అన్నాడు. మాట బాగానే ఉంది. కాని నాకు ఒక ముసలి ఉస్తాదు జ్ఞాపకం వచ్చాడు.

నా చిన్నతనంలో పాలమూరు జిల్లాలోని మా మేనమామగారి ఊళ్ళో జాతరకు కుస్తీలు జరిగేవి. కొబ్బరికాయ కుస్తీతో ఆరంభం, వెండి కడియం కుస్తీతో ముగింపు. ఒక ఏడు కడియం కుస్తీలో ఆ ఊరి పహిల్వాను గెలుపు అంచున ఉండగా పడిపోయి తల అదిరింది. అయినా లేచి నిలబడ్డాడు. జనం ఒకటే ఈలలు! ఉస్తాదు మాత్రం గోదాలోకి వచ్చి, "చాలు బిడ్డా" అని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయాడు. ఊరంతా ఆయనను తిట్టింది. శిష్యుడు ఆరు నెలలు పలకరించలేదు. ఎందుకు ఆపావని మా మామయ్య అడిగితే ఆయన, "పేరు పెట్టి పిలిస్తే వేరే దిక్కు చూసిండు. పట్టు చేతులల్ల ఉండదయ్యా, తలకాయల ఉంటది" అన్నాడు.

ఆ మాటలోని నిజం పెద్దయ్యాక తెలిసింది. 1975 అక్టోబరు 1న మనీలా నగరం దగ్గర మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ ముష్టియుద్ధం చేశారు. పధ్నాలుగు రౌండ్లు అయ్యేసరికి ఫ్రేజియర్‌కు కళ్ళు సరిగా కనబడడం లేదు. మిగిలింది ఒక్క రౌండు. అతను పోరాడతానంటూనే ఉన్నాడు. గురువు ఎడ్డీ ఫచ్ వినలేదు. పోటీ ఆపించాడు. అలీ గెలిచాడు. ఫ్రేజియర్ ఆ తరువాత 36 ఏళ్ళు బతికి, 2011లో కన్నుమూశాడు.

అన్ని కథలూ ఇలా ముగియవు. 2022 జూలైలో బెంగళూరులో కిక్ బాక్సింగ్ పోటీలో దెబ్బ తిని కూలిన ఒక మైసూరు యువకుడు మళ్ళీ ఇల్లు చేరలేదు.

ఇప్పటి జాలీ పోటీల్లో మామూలుగా ఐదేసి నిమిషాల రౌండ్లు మూడు. రౌండుకూ రౌండుకూ నడుమ ఒక్క నిమిషం విరామం. ఆ నిమిషంలో మూలనున్న మనిషి నీళ్ళు పట్టి, చెమట తుడిచి, ఉపాయం చెబుతాడు. అసలు పని అది కాదు. కళ్ళలోకి చూడాలి. అడిగినదానికి పొంతన ఉన్న జవాబు వస్తున్నదా, కాలు తడబడుతున్నదా కనిపెట్టాలి. రెఫరీ ఉంటాడు, డాక్టరు ఉంటాడు. కాని ఆ కుర్రవాడు రోజూ ఎలా నడుస్తాడో, ఎలా మాట్లాడతాడో ఎరిగినవాడు ఆ మనిషి ఒక్కడే. 1993లో డెన్వర్‌లో మొదటి యూ.ఎఫ్.సి. పోటీ జరిగినప్పుడు నియమాలు బహు తక్కువ. అప్పుడు కూడా మూల నుంచి తువ్వాలు విసిరి పోటీ ఆపే హక్కు ఉండేది.

పనితనం దెబ్బ తగలకుండా కాస్తుంది. తలకు తగిలాక ముందుగా పోయేది ఆ పనితనమే. పోయిందన్న సంగతి తగిలినవాడికి తెలియదు. అందుకే "నాకేం కాలేదు" అన్న వాడి మాటకు ఆ గడియలో విలువ లేదు.

మొన్న ఆదివారం వాడి గురువును చూసివచ్చాను. ఒక్కటే అడిగాను: "ఇప్పటికి ఎన్నిసార్లు ఆపారు బాబూ?"

"రెండుసార్లండీ. రెండుసార్లూ తిట్లు తిన్నాను. అందులో ఒకడు ఇప్పుడు నా దగ్గరే పిల్లలకు నేర్పుతున్నాడు" అన్నాడు.

ఇంటికి వచ్చి అక్కకు ఫోను చేశాను. "పంపు" అన్నాను.

"ఓడిపోతేనో?"

"ఓడిపోయి ఇంటికొస్తాడు అక్కా."