హుసేనుఖానునకు దక్కినది అణాయేనా?

మలేరియాజ్వరపు గుట్టు మన సికిందరాబాదులో బయటపడెనని మనవారు గర్వముతో చెప్పుకొందురు. చెప్పుకొనదగినదే. అంతకుముందు ఆ జ్వరము గాలివలన వచ్చుననిరి. మలేరియా యను పేరునకే చెడుగాలి యని యర్థము. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదిని రొనాల్డు రాసు అను సైనికవైద్యుడు బేగంపేటలో నొక దోమను చీల్చి, దాని కడుపులో జ్వరక్రిమి జాడను సూక్ష్మదర్శనితో కనుగొనెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. ఇంతవర కెల్లరు నెఱిగినదే. ఆ దోమ యెవరి నెత్తురు త్రాగెనో యెందఱకు దెలియును?

అతడు హుసేనుఖాను, చలిజ్వరముతో బాధపడుచున్న రోగి. నాలుగుదినములకు ముందు, 16వ తేదిని, అతనిని దోమతెరలో నుంచి, పెంచిన దోమలను విడిచిరి. కుట్టిన దోమ యొక్కంటికి ఒక అణా. కూలి చెల్లెను గదా, ఇంకను ఋణమేమని కొందఱు వాదింతురు. ఈ వాదము మాకు రుచింపదు. రాసు అంతకుముందు రెండేండ్లుగా బూడిదవన్నె దోమలను, చారల దోమలను చీల్చి చీల్చి విసిగియుండెను. మచ్చల రెక్కల దోమయు, జ్వరక్రిములుగల నెత్తురును ఒక్కచోట కూడినప్పుడే పని ఫలించినది. ఆ నెత్తురు వైద్యునిది కాదు.

హుసేనుఖాను అప్పటికే రోగి గనుక దోమకాటుచే అతనికి క్రొత్త కీడు కలుగలేదని యొప్పుకొందము. మఱి 1895 నాటి మాట యేమి? దోమలు నీట జచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు లండనులోని మాన్సను తలంచెను. దానిని పరీక్షించుటకై అట్టి నీటిని ఈ సికిందరాబాదులోనే మనుష్యులకు త్రాగించిరి. జ్వరము వచ్చునో రాదో చూచుటకే త్రాగించిరి! వారు సమ్మతించిరందురు. దొర యడిగినప్పుడు కాదనగల నౌకరు ఆ కాలమున నెందఱు? ఆనాడది తప్పుగా నెంచబడలేదని మఱియొక సమాధానము. ఎవరిచే నెంచబడలేదు? త్రాగించినవారిచేతనా, త్రాగినవారిచేతనా?

రాసు పేరు తుడిచివేయుడని మేమనము. ఆయన యోపిక సామాన్యమైనది కాదు. హుసేనుఖాను పేరు నేడు మనకు దక్కుటయు ఆయన వ్రాసియుంచుటచేతనే. ఆయనకు గల ఆపాటి న్యాయబుద్ధి మనకు లేకపోవుటయే మా ఫిర్యాదు. ఏటేటా ఆగస్టు 20వ తేదిని దోమల దినముగా జరుపుచున్నారు. ఆనాడు పిల్లలకు ఈ కథ చెప్పు తలిదండ్రులు వైద్యుని పేరుతోబాటు రోగి పేరునుగూడ చెప్పవలెను. అణా సంగతియు దాచవలదు.