ఎండిన ఏటిలో చూసేదేముంది?

“ఏటిలో నీళ్ళే లేవు, ఆ గట్టున నడిచి చూసేదేముంది మాస్టారూ?” అని అడిగేవారు మా కలికిరి ప్రాంతంలో నానాటికీ పెరుగుతున్నారు. నడక ఆరోగ్యం కోసమే గనుక మైదానంలో పది చుట్లు తిరిగితే చాలునని వారి సిద్ధాంతం. చేతిగడియారం అడుగులు లెక్కపెడుతుంది. లెక్క నిండగానే ఇల్లు చేరవచ్చు. ఈ వాదాన్ని నేనంగీకరించను. దానివల్ల ఒంటికి మేలు లేదని కాదు. నడకకున్న పెద్ద ప్రయోజనాన్ని అది మ్రింగివేస్తున్నదని నా అభియోగం.

వాహ్యాళి అన్న మాటకు పూర్వం గుర్రపుస్వారీ చేసే బయలు అని అర్థం. ఆ మాట తరువాత కాలినడకకు దిగివచ్చింది గాని అందులోని ‘బయలు’ పోలేదు. చుట్లు తిరిగేవాడు బయలుకు రాలేదు. తన చుట్టే తాను తిరుగుతున్నాడు. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి దినచర్య రచనలు చూడండి. నడకలో కంటబడిన చెట్టూ, కొండా, దారిన పోయే మనిషీ ముందు వస్తారు. తత్త్వవిచారం ఆ వెనుక వస్తుంది.

సరే, ఎండిన ఏటిలో ఏముంది? ఇసుకలో చెలమ తీస్తే ఎన్ని మూరల లోతున నీరూరుతుందో చూడండి. ఊరి బావుల భవిష్యత్తు అక్కడే తెలుస్తుంది. గులకరాళ్ళ నడుమ రాళ్ళలాగే కనిపించే తీతువు గ్రుడ్లుంటాయి. నెమ్మదిగా నడిచేవాడికి తప్ప కనబడవు. గట్టుమీది కానుగ కొమ్మల్లో, తలకంటె ఎత్తున, ఎండుగడ్డీ చింకిగుడ్డలూ చిక్కుకొని ఉంటాయి. అది గాలికి వచ్చిన చెత్త కాదు. వరద తన ఎత్తును తానే వ్రాసిపెట్టిన గుర్తు. దానిని చదవనివాడే ఏటి పోరంబోకులో గోడ కడతాడు.

మా సీమ ఏరుల సంగతి తెలిసినవారికి ఇది వేడుక మాట కాదు. బాహుదా, పింఛా కలిసి చెయ్యేరై పెన్నలో చేరుతాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. అటువంటి చెయ్యేరు 2021 నవంబరు 19న అన్నమయ్య జలాశయపు మట్టికట్టను తెంచుకొని రాజంపేట దిక్కున పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట వంటి ఊళ్ళమీద పడి ప్రాణాలు తీసింది. ఎండిన ఏరు చచ్చిన ఏరు కాదు.

బాహుదా పేరు వెనుక భారతకథ ఒకటి ఉంది. అన్న శంఖుని తోటలో అడగకుండా పండ్లు తిన్న లిఖితుడు, అన్న మాటపై రాజు దగ్గరకు పోయి దండన కోరాడు. రాజు చేతులు నరికించాడు. బాహుదలో మునగగా అతని చేతులు తిరిగి వచ్చాయి. ఆ నది ఇదేనని ఇక్కడివారి విశ్వాసం. చెయ్యేరు అన్న పేరుకూ అదే కథ చెబుతారు. పండు అడగకుండా తిన్నందుకు అంత శిక్ష పడిన కథను పురాణకాలక్షేపంలో విని కన్నీరు పెట్టుకొనేవారమే, అదే ఏటి ఇసుకను రాత్రివేళ ట్రాక్టర్లకెత్తితే తలుపు వేసుకొని పడుకుంటున్నాము. నాడు ఏరు మనిషికి చేతులిచ్చింది. నేడు మనిషి ఏటి చేతులు నరుకుతున్నాడు.

చట్టం లేదా అంటారు. ఉంది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకై 2002లో చేసిన వాల్టా చట్టంలో ఇసుక తవ్వకాలకు కట్టుబాట్లున్నాయి. కాని చట్టానికి కాళ్ళు లేవు. నిన్న లేని గొయ్యి నేడుందని చెప్పడానికి నిన్న ఆ దారిన నడిచినవాడొకడు కావాలి.

“తీరిక గలవారి ముచ్చట ఇది” అన్న ఆక్షేపణ కూడా విన్నాను. గొర్రెల కాపరికీ, గడ్డిమోపు తెచ్చే ఆడమనిషికీ తీరిక ఉందా? వారు రోజూ నడుస్తున్నారు. ఏ వంక ఎక్కడ పూడిందో, ఏ చెరువు మొరవ ఎప్పుడు పోయిందో వారికి తెలుసు. తెలిసినవారిని ఎవరూ అడగరు. అడిగితే చెప్పవలసిన చదువరులు నడవరు. అసలు లోపం ఇక్కడ ఉంది. మనం నడిచి, వారితో మాట్లాడి, విన్నది వ్రాసిపెడితే ఆ తెలివికి సాక్ష్యమైనా మిగులుతుంది.

కనుక ఆరోగ్యం కోసం మైదానంలో తిరిగేవారు తిరగండి, కాదనను. వారానికొక్కనాడు మాత్రం గడియారం ఇంట వదలి మీ ఊరి ఏటి వెంట పోయి రండి. నీళ్ళున్ననాడు ఏటిని ఎవరైనా చూస్తారు. నీళ్ళు లేనినాడు చూసేవారున్న ఊరికే ఏరు మిగులుతుంది.