బోసినవ్వు వెనకాల

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో సకినాలు చేశాం. చేశామంటే, చుట్టింది మా అత్తమ్మే. నువ్వులు, వాము కలిపిన పిండిని బట్ట మీద వేళ్లతో చుట్టడంలో బెజ్జంకిలో మా వాడకట్టు మొత్తానికి ఆమె తర్వాతే ఎవరైనా. అందరికీ పంచిపెట్టి, తను మాత్రం ఒక్క సకినాన్ని చాయ్ గ్లాసులో వేసుకుని, అది మెత్తబడేదాకా చూస్తూ కూర్చుంది. కరకరలాడాల్సిన సకినాన్ని చెంచాతో తాగుతోంది! "గదేంది అత్తమ్మా?" అంటే, "గిట్లనే మంచిగుంటది బిడ్డా" అంది.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఏడాదిగా జొన్నరొట్టె వద్దంటోంది, 'అరుగుతలేదు' అని. మాంసం వండితే పులుసు మటుకు పోసుకుంటోంది. పల్లీలు, గుడాలు, జామపండు ఒక్కొక్కటే ఆమె కంచంలోంచి వెళ్లిపోయాయి. మిగిలింది మెత్తటి అన్నం, చారు, చాయ్‌లో ముంచిన బిస్కట్. మనిషి చిక్కిపోతుంటే వయసనుకున్నాం. నీరసమంటే టానిక్ సీసా తెచ్చాం. రక్తం తక్కువుందంటే గోలీలు తెచ్చాం. నోరు తెరవమని అడగాలని మాత్రం ఇంట్లో ఎవరికీ తోచలేదు. తీరా చూస్తే కుడివైపు కింది దవడలో నమిలే పన్ను ఒక్కటీ లేదు. ఎడమవైపు ఉన్న రెండూ కదులుతున్నాయి.

"చెప్పొద్దా?" అని కోప్పడ్డాను. "పండ్ల నొప్పికి గూడ దవాఖానకు వోతరా? లవంగం వెట్టుకున్న, తగ్గింది" అంది.

నేను అప్పుడప్పుడు కథలు రాస్తుంటాను. వాటిలో బోసినోటి అవ్వలు ముగ్గురైనా ఉండాలి. అందరూ నవ్వుతూనే ఉంటారు. వాళ్లు ఏం తింటున్నారో ఒక్క కథలోనూ రాయలేదు నేను. బోసినవ్వు ముద్దుగా ఉంటుంది, నిజమే. కానీ ఆ నవ్వే మనిషి రొట్టె తినగలదా, ఆకుకూర నమలగలదా అని మనలో ఎందరం అడిగాం చెప్పండి?

2016లో మా మండలం సిద్దిపేట జిల్లాలో కలిసింది గానీ, డాక్టరనగానే మా కాళ్లు పాత అలవాటుగా కరీంనగర్ వైపే పోతాయి. క్రాస్‌రోడ్డు దాకా ఆటోలో వెళ్లి, అక్కణ్నించి బస్సెక్కాం. పళ్ల డాక్టరు నోట్లోకి చూడకముందే రెండు ప్రశ్నలడిగాడు. షుగరెంత, ఏం తింటుంది? పంటికీ షుగరుకూ సంబంధమేమిటా అనుకున్నాను. ఉందట. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు త్వరగా చెడతాయి. చెడిన చిగుళ్లలో వాపు, చీము అలాగే ఉంటే ఎన్ని మందులు మింగినా షుగరు సరిగ్గా లొంగదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. పైగా నమలలేని మనిషి మెత్తటివే తింటుంది. ఆ మెత్తటివేమో అన్నం, బిస్కట్, బ్రెడ్డు! షుగరు పెరగక ఏమవుతుంది? మేం ఆమెను 'తీపి తింటున్నవా దొంగచాటుగ?' అని దబాయించిన రోజులు గుర్తొచ్చి తలవంచుకున్నాను.

నోరంటే ఒంటికి వేరే ఏదో గది కాదు. పెదవుల మూలలు పగిలినా, నాలుక ఎర్రగా నున్నగా మారి మండినా బి విటమిన్లో, ఇనుమో తగ్గాయేమోనని అనుమానించాలి. మన తెలంగాణలో సగం కంటే ఎక్కువమంది ఆడవాళ్లకు రక్తహీనత ఉన్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అందులో ఎందరి నోళ్లు చూశారో!

నోరు ముందే చెప్పినా వినకపోతే ఏమవుతుందో నల్లగొండను అడగండి. మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు పడేవి. గారపళ్లని వెక్కిరించేవాళ్లు. అదే నీటిలోని ఫ్లోరైడు ఎముకల్లోనూ పేరుకుని, నడుములు వంగి, కాళ్లు వంకరపోయాయి. ఈ జబ్బు గురించి 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు రాశారు. తిండిలో కాల్షియం తక్కువైన ఒంటిని ఫ్లోరైడు మరింతగా పీడిస్తుంది. అంటే పాలూ రాగులూ దొరకని ఇంటికే దెబ్బ ఎక్కువ. మన చింతపండు ఫ్లోరైడును మూత్రంలో ఎక్కువగా బయటికి పంపుతుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2002లో ప్రచురించారు. (చారు తాగుతున్నాం కదా, ఏ నీళ్లయితేనేం అనుకునేరు! ముందు కావలసింది మంచినీళ్లే.)

కడుపుతో ఉన్న అమ్మాయిల సంగతీ ఇంతే. చిగుళ్లు ఉబ్బి నెత్తురొస్తుంటే 'బిడ్డ పండ్ల బలం గుంజుకుంటుంది, పురుడయినంక చూద్దాం' అంటారు పెద్దవాళ్లు. బిడ్డ తల్లి పళ్లలోంచి ఏమీ తీసుకోదు. హార్మోన్ల మార్పుకి చిగుళ్లు వాస్తాయంతే. పంటి వైద్యం గర్భిణులూ చేయించుకోవచ్చు, నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా మరీ అనువు. వాంతయిన వెంటనే బ్రష్ పట్టుకోకుండా నీళ్లతో పుక్కిలిస్తే చాలు.

అత్తమ్మకు కట్టుడుపళ్లు పెట్టిద్దామంటే ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "ఈ వయసులో అవసరమా?" అన్నారు మావారు. అంతకుముందు ఏడాదే తల్లికి కళ్లద్దాలు తెచ్చిన మనిషి! చూపు తగ్గితే అద్దాలు అవసరం, పళ్లూడితే మాత్రం కట్టుడుపళ్లు సోకు. ఇదెక్కడి లెక్క? ఆమె కూడా "ఇంకెన్నేండ్లు బతుకుత, పైసలు దండుగ" అంది. ఎన్నేళ్లు బతికినా రోజుకు రెండుపూటలు తినాలి కదా అన్నాను. ఇంట్లో అందరి తిండికీ లెక్క చూసే ఆడది తన నోటి దగ్గరికొచ్చేసరికి ఎందుకంత పొదుపరి అవుతుందో నాకర్థం కాదు.

కదిలే పళ్లు తీసి, చిగుళ్లు మానాక కట్టుడుపళ్లు పెట్టారు. మొదటి పదిరోజులు అవి డబ్బాలోనే ఉన్నాయి. "నోట్లె గులకరాళ్లు వెట్టుకున్నట్టున్నది" అని సణిగింది. మళ్లీ తీసుకెళ్లి ఒరుసుకునే చోట అరగదీయించాం. మా నరసింహస్వామి జాతర నాటికి కాస్త అలవాటయ్యాయి. ఆ వారంలోనే ఒకరోజు పుంటికూర పప్పు, జొన్నరొట్టె చేశాను. అడగలేదు, కంచంలో సగం రొట్టె వేసి ఊరుకున్నాను. మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ అరగంటసేపు నమిలింది.

"ఎట్లున్నది అత్తమ్మా?"

"ఉప్పు తక్కువైంది" అంది, మిగిలిన సగం కోసం చెయ్యి చాపుతూ.