గాలి అల్లాహ్‌ది, ఛానల్ నీ జాగీరు కాదు



మా వైపు ఒక జులూస్‌కి ముందురోజు వలంటీర్ల చేతుల్లో కొత్త వాకీటాకీలు చూశాను. ఆన్‌లైన్‌లో తెప్పించారట. "లైసెన్సు ఉందా బాబూ?" అని అడిగితే ఒకడు నవ్వేశాడు. "గాలికి లైసెన్సేంటి చాచా? గాలి అల్లాహ్‌ది కదా!"

నిజమే, గాలి అల్లాహ్‌దే. అందుకే అది నీ జాగీరు కాదు. అమానత్. అమానత్‌లో ఖయానత్ చేసినవాడికి మన దీన్‌లో ఏం పేరుందో నేను చెప్పక్కర్లేదు.

ఇందులో ఖయానత్ ఎక్కడుందంటారా? బజారులో దొరికే ఆ చైనా సెట్లు సాధారణంగా 136 నుంచి 174 మెగాహెర్ట్జ్, 400 నుంచి 480 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడైనా పలుకుతాయి. మన దేశంలో లైసెన్సున్న హ్యామ్ రేడియో వాళ్లకు ఆ మేరలో ఇజాజత్ ఉన్నది 144-146, 434-438 ముక్కలకే. మిగతా చోట్ల పోలీసు వైర్‌లెస్ ఉంటుంది, పడవల రేడియో ఉంటుంది, 406 దగ్గర సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్లు ఉపగ్రహానికి పంపే బీకన్ పిలుపు ఉంటుంది. చట్టం వీటి మధ్య గోడలు కట్టింది. నీ చేతిలో సెట్టుకి ఆ గోడలు తెలియవు. ఎఫ్‌ఎమ్‌లో బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని మింగేస్తుంది. నువ్వు "షర్బత్ బండి ఎక్కడుంది భాయ్" అంటుంటే, అదే ఛానల్‌లో దూరం నుంచి అంబులెన్సు అడుగుతున్న కానిస్టేబుల్ గొంతు నీకు వినపడదు, వాడి స్టేషన్‌కీ వినపడదు. ఇది జుల్మ్ కాకపోతే మరేమిటి?

ఇక రెండో వైపు చూద్దాం. ఇలాంటివి చూసి కొందరు దొరలు "షౌక్ కోసం మాట్లాడుకునే ఈ హ్యాములకు ఫ్రీక్వెన్సీలు ఎందుకు? లాగేసుకోండి" అంటారు. ఇది ఇన్సాఫ్ కాదు. హ్యామ్ పరీక్ష రాస్తాడు, కాల్‌సైన్ తీసుకుంటాడు, మాట్లాడే ముందు వింటాడు. 434-438లో అతను రెండో వరస మనిషి. మొదటి హక్కుదారుకి అడ్డు రాకూడదు, తనకు అడ్డొచ్చిందని ఫిర్యాదు చేయకూడదు. ఆ షరతుకి ఒప్పుకునే కూర్చున్నాడు. పంచుకోవడంలో అదబ్ అంటే అదే. బస్సులో పెద్దవాళ్లు ఎక్కితే లేచి నిలబడేవాణ్ణి దించేసి, టిక్కెట్టు లేకుండా సీట్లో పడుకున్నవాణ్ణి వదిలేస్తారా?

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో భారతీ ప్రసాద్ బృందం ఉంది. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున షౌక్ కోసమే వెళ్లారు వాళ్లు. ఫోన్లు పోయిన పూట ఆ షౌకే ఖిద్మత్ అయింది. అండమాన్ నుంచి బతికున్నవాళ్ల కబుర్లు వాళ్ల సెట్ల మీదే బయటికొచ్చాయి.

మన ఉత్తరాంధ్రకి ఇది దూరపు కథ కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుఫానుకి తిత్లీ అని పేరు. మన జుబాన్‌లో సీతాకోకచిలుక, పాకిస్తాన్ ఇచ్చిన పేరు. ఆ చిలుక ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకేసి కొట్టింది. కరెంటు స్తంభాలు పడ్డాయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున కవిటి నుంచో, పూసపాటిరేగ నుంచో ఒక్క ఆవాజ్ కలెక్టరేట్‌కి చేరాలంటే ఒక్క ఛానల్ ఖాళీగా ఉండాలి. దాని మీద ఎవడో పేరులేనివాడు బటన్ నొక్కి కూర్చుంటే?

పేరులేనివాడు అన్నాను. అసలు మాట అదే. 2024 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ సరిహద్దు దగ్గర హ్యాములకి రాత్రిపూట అనుమానపు సిగ్నళ్లు వినిపించాయని పత్రికల్లో వచ్చింది. బెంగాలీ, ఉర్దూ, అరబీ అని రాశారు. చదువుతుంటే నా గుండె కలుక్కుమంది. ఉర్దూ ఎప్పటి నుంచి జుర్మ్ అయింది? శ్రీకాకుళంలో మా అమ్మీ అన్నం తినమని పిలిచేదీ ఆ జుబాన్‌లోనే. తప్పు జుబాన్‌ది కాదు, కాల్‌సైన్ లేని గొంతుది. తెలుగులో మాట్లాడినా, సంస్కృతంలో మాట్లాడినా, పేరు చెప్పని గొంతు అంతే తప్పు. అధికారులు ఈ తేడా నేర్చుకోవాలి.

మనం కూడా నేర్చుకోవాలి. లైసెన్సు లేని సెట్టుతో మనవాడొకడు దొరికితే అది వాడి ఒక్కడి కేసుగా మిగలదు, ఖౌమ్ అంతా బద్నామ్ అవుతుంది. వాళ్లకి షక్ ఉందని తిట్టుకుంటూ, ఆ షక్‌కి కట్టెలు మనమే మోస్తామా? వైర్‌లెస్ సెట్టు ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలన్న చట్టం 1933 నాటిది. "తెలీదు చాచా" అనేది జవాబు కాదు.

జులూస్‌కి సెట్లు కావాలా? 446.0-446.2 మెగాహెర్ట్జ్‌లో తక్కువ పవరు సెట్లకి 2018 నిబంధనల కింద లైసెన్సు అక్కర్లేదు. ఆమోదం ఉన్నవే చూసి కొనుక్కోండి. ఇంకా షౌక్ ఉందా? హ్యామ్ పరీక్ష రాయండి. 12 ఏళ్లు నిండితే చాలు, రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్స్ కూడా అడగరు. మన ఆడపిల్లలూ రాయాలి.

కలెక్టర్ సాబులకి ఒక అర్జీ. తుఫాను మాక్ డ్రిల్లులో హ్యాములకీ ఒక బల్ల, ఒక కుర్చీ వేయించండి. పోలీసు వైర్‌లెస్ వాళ్లతో ముందే కూర్చోబెట్టండి. ఎవరు ఏ ఛానల్, ఎవరు ఎప్పుడు తప్పుకోవాలి అన్నది ఎండ కాసే రోజున తేల్చుకోవాలి. గాలి వీచే రాత్రి తేల్చుకోలేం.

ఆ నవ్విన అబ్బాయికి చివరి మాట. బేటా, ఆ సెట్టు డబ్బాలో పెట్టేయ్. బటన్ నొక్కే ముందు వినడం నేర్చుకో. నీ పేరు ధైర్యంగా చెప్పి మాట్లాడే రోజు వస్తుంది, ఇన్షా అల్లాహ్. ఆ రోజు మొదటి పిలుపు నేనే వింటాను.