బిళ్ళ వచ్చింది, నీళ్ళు రాలేదు

మార్కాపురం నుంచి కనిగిరి పోయే దారిలో ఏ మాదిగపల్లెకైనా, ఏ మాలపల్లెకైనా పోయి చూడండి. అరుగు మీద ఒక అవ్వ కూర్చుని ఉంటుంది. మోకాళ్ళు పట్టేసినయ్. నడుము వంగింది. లేవాలంటే గోడ పట్టుకోవాలి. కొంగు ముడిలో రెండు నొప్పి బిళ్ళలుంటయ్. ఆర్.ఎం.పి. డాక్టరు ఇచ్చినవి. పొద్దున ఒకటి, మాపున ఒకటి. ఆ బిళ్ళ వేసుకోటానికి ఆమె చెంబుతో ముంచుకునేది బోరింగు నీళ్ళు. ఆ నీళ్ళల్లో ఫ్లోరైడు ఉంది. నొప్పి తెచ్చిందీ ఆ నీళ్ళే. నొప్పి తగ్గే బిళ్ళను మింగేదీ ఆ నీళ్ళతోనే.

ఈ దేశంలో ప్రభుత్వ విజ్ఞానం ఎవరి దాకా వచ్చి ఆగిందో చెప్పటానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. బిళ్ళ మన పల్లె దాకా వచ్చింది. మంచినీళ్ళు రాలేదు. ఎందుకు రాలేదు?

ముందు బిళ్ళ సంగతి చూద్దాం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో మందులంటే విదేశీ కంపెనీల సొత్తు. బయటి దేశం నుంచి మందు పొడి తెచ్చి, ఇక్కడ బిళ్ళలు కొట్టి, అడిగిన ధరకు అమ్మేవాళ్ళు. 1961 ప్రాంతంలో అమెరికా సెనేట్‌లో కెఫావర్ కమిటీ లెక్కలు తీసి, ప్రపంచంలో మందుల ధరలు చాలా ఎక్కువగా ఉన్న దేశాల్లో భారతదేశం ఒకటని తేల్చింది. కూలికి పోయి బతికే జనం ఉన్న దేశంలో మందు అంత ప్రియం!

1950లలో సోవియట్ నిపుణుల బృందం మన దేశానికి వచ్చింది. మందును ముడిసరుకు నుంచి మీరే చేసుకోండి, విద్య మేం నేర్పుతాం అన్నారు. 1959లో ఒప్పందం అయింది. 1961లో ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్, అంటే ఐ.డి.పి.ఎల్. పుట్టింది. రిషీకేశ్‌లో యాంటిబయాటిక్ మందుల ఫ్యాక్టరీ, మద్రాసులో ఆపరేషన్ పనిముట్ల ఫ్యాక్టరీ, మన హైదరాబాదు బాలానగర్‌లో సింథటిక్ మందుల ఫ్యాక్టరీ పెట్టారు. 1960ల చివరికి బాలానగర్‌లో సల్ఫా మందులు, విటమిన్లు, జ్వరం, నొప్పుల మందులు తయారవుతున్నయ్. ఆ వెనకనే 1970లో పేటెంటు చట్టం వచ్చింది. మందు మీద గుత్త హక్కు లేదు, చేసే పద్ధతి మీదనే హక్కు అని ఆ చట్టం చెప్పింది. వేరే పద్ధతిలో అదే మందును ఎవరైనా చేయొచ్చు. ప్రభుత్వ ఫ్యాక్టరీ, ప్రభుత్వ ల్యాబు, ప్రభుత్వ చట్టం, ఈ మూడూ కలిసిన చోట మందు ధర దిగింది. అవ్వ కొంగు ముడిలో బిళ్ళ ఉందంటే దాని వెనక ఇంత కథ ఉంది.

సోషలిస్టు దేశాల పద్ధతిలో బలం ఇక్కడే ఉంది. కంపెనీవాడు ఏ మందు మీద పరిశోధన చేయాలో లాభాన్ని చూసి తేల్చుకుంటాడు. అక్కడ ప్రభుత్వం ప్రణాళిక చూసి తేల్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో దుమ్ములో కలిసిన సోవియట్ దేశం 1957 అక్టోబరు 4న స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపింది. చైనా 1967 మే 23న మలేరియా మందు కోసం ఒక రహస్య పథకం మొదలుపెట్టింది. వియత్నాం యుద్ధంలో సైనికులు మలేరియాతో చచ్చిపోతున్న రోజులవి. తూ యూయూ అనే ఆమె పాత వైద్య గ్రంథాలను తిరగేసి, మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్కలో మందును పట్టుకుంది. ఆమెకు డాక్టరేటు లేదు. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. మన గిద్దలూరు పక్కన నల్లమలలో చెంచు బిడ్డకు ఫాల్సిపారం మలేరియా వస్తే ప్రభుత్వాస్పత్రిలో ఇచ్చే మందు ఆ కుటుంబానిదే. పేదవాడి జబ్బుకు లాభం చూడకుండా మందు వెతికితే దొరుకుతుందనటానికి ఇదొక రుజువు.

అయితే ఆ పద్ధతిని నెత్తిన పెట్టుకుని ఊరేగాల్సిన పని మనకు లేదు. దాని తప్పులు కూడా మనం చెప్పుకోవాలి. లోకమంతా తిరిగి విత్తనాలు సేకరించిన వవిలోవ్ అనే గొప్ప శాస్త్రవేత్త 1943లో సరతోవ్ జైల్లో చనిపోయాడు. 1948లో లైసెంకో అనే వాడి మాటే శాస్త్రమని పార్టీ తీర్పు ఇచ్చింది. జన్యుశాస్త్రం చెప్పే వాళ్ళ ఉద్యోగాలు పోయినయ్. 1960ల నుంచి పత్తి కోసం రెండు నదులను మళ్ళించారు. ఆరల్ సముద్రం ఎండిపోయింది. ఆ ఒడ్డున చేపలు పట్టి బతికే జనాన్ని ఎవరు అడిగారు? ఫ్యాక్టరీల్లో కూడా అంతే. ఈ నెల ఎన్ని టన్నులు తీశావన్నదే లెక్క. కొత్త పద్ధతి పెట్టాలంటే మిషన్ ఆపాలి, టన్నులు తగ్గుతయ్, బోనసు పోతుంది. అందుకని ల్యాబులో కనిపెట్టింది ల్యాబులోనే ఉండిపోయేది. మన మద్రాసు పనిముట్ల ఫ్యాక్టరీకీ ఆ జబ్బే అంటింది. తయారు చేసే శక్తి ఎక్కువ, కొనేవాళ్ళు తక్కువ. కత్తెర పట్టుకునే డాక్టరు చేతికి ఏది అలవాటో ముందు అడగలేదు.

బాబాసాహెబ్ ఈ రెండు వైపులూ చూశాడు. 1947లో ‘రాష్ట్రాలు, మైనారిటీలు’ అనే పత్రంలో కీలకమైన పరిశ్రమలు ప్రభుత్వం చేతిలో ఉండాలని, ఆ మాట రాజ్యాంగంలోనే రాయాలని అడిగాడు. పాలించే పార్టీ మారితే మారిపోయే సోషలిజం మనకొద్దన్నాడు. అదే మనిషి 1956 నవంబరులో ఖాట్మండులో మాట్లాడుతూ, బలప్రయోగం మీద నిలబెట్టిన సమానత్వం ఆ బలం తీసేస్తే నిలుస్తుందా అని కమ్యూనిస్టులను నిలదీశాడు. ప్రభుత్వం చేతిలో పరిశ్రమ ఉండాలి. ఆ ప్రభుత్వాన్ని అడిగే హక్కు అట్టడుగు మనిషికి ఉండాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా రెండోది దక్కదు.

మరి మన పాలకులు ఏం చేశారు? 1955 ఆవడి కాంగ్రెసులో సోషలిస్టు తరహా సమాజం అని తీర్మానం చేశారు. ఫ్యాక్టరీలు కట్టారు. కులాన్ని మాత్రం గేటు బయట విడిచిపెట్టలేదు, లోపలికి తీసుకెళ్ళారు. ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చుకున్న వాళ్ళు హైదరాబాదు చుట్టూ మందుల కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు కూడా ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి వచ్చిన వారే. ఆయన తెలివిని, కష్టాన్ని మనం కాదనం. మనం అడిగేది వేరే. ప్రజల డబ్బుతో నేర్చుకున్న విద్యను కంపెనీగా మార్చాలంటే వెనక భూమి ఉండాలి, బ్యాంకులో పలుకుబడి ఉండాలి, పెట్టుబడి పెట్టే బంధువర్గం ఉండాలి. అవి ఏ కులాల దగ్గర ఉన్నయ్? రియాక్టరు కడిగిన వాడికి, డ్రమ్ములు మోసిన వాడికి ఏం మిగిలింది? రిజర్వేషన్‌లో వచ్చిన ఉద్యోగం ఒక్కటే మిగిలింది. అదన్నా నిలిచిందా? 1992లో ఐ.డి.పి.ఎల్.ను ఖాయిలా పరిశ్రమ అన్నారు. 2016 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం మూసేయాలని నిర్ణయించింది. ఉద్యోగంతో పాటు రిజర్వేషన్ కూడా పోయింది. 2021లో విశాఖ ఉక్కును నూరు శాతం అమ్మేస్తామన్నప్పుడు దళిత కార్మికుడికి కడుపు మండింది అందుకే.

మూసేసి బాగుపడ్డామా? పెన్సిలిన్ ముడిమందును ఒకప్పుడు మనమే చేసుకున్నాం. తర్వాత చైనా మీద ఆధారపడ్డాం. 2020లో కరోనా వచ్చి ఓడలు ఆగేసరికి పాలకులకు చెమటలు పట్టినయ్. ముడిమందులు చేసే ప్రైవేటు కంపెనీలకు ప్రోత్సాహకాలు ప్రకటించారు. 2024లో కాకినాడ దగ్గర ప్రైవేటు ఫ్యాక్టరీలో పెన్సిలిన్ మళ్ళీ మొదలైంది. పోగొట్టుకున్నదాన్ని మళ్ళీ ప్రజల డబ్బు పెట్టి తెచ్చుకున్నాం. ఈసారి ఫ్యాక్టరీ మనది కాదు, అందులో రిజర్వేషన్ లేదు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. ఫ్లోరైడు జబ్బును మన దేశంలో మొదట శాస్త్రీయంగా నమోదు చేసింది ఎక్కడో కాదు. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలోని పల్లెల్లో చూసి రాశారు. నేటి మన దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. డాక్టర్ల కంటే ముందు రైతులు చూశారు. ఎద్దులు నడవలేక కూలబడుతుంటే నీళ్ళు మార్చి చూశారు. జబ్బును పట్టుకున్న మొదటి శాస్త్రవేత్త పశువులు కాసేవాడే.

ప్రభుత్వ ల్యాబు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ నల్లగొండ పద్ధతి అని ఒకటి తయారుచేసింది. నీళ్ళల్లో సున్నం, పటిక, బ్లీచింగు పొడి లెక్క ప్రకారం కలపాలి. బాగా తిప్పాలి. మడ్డి అడుగుకు దిగాక పై నీళ్ళు వడగట్టాలి. మన నేలకు తగిన, ఖర్చు తక్కువ పద్ధతి. ఇందులో తంటా ఒక్కటే. రోజూ ఎవరో ఒకరు ఉండి లెక్క తప్పకుండా పటిక వేయాలి. నీళ్ళను పరీక్షించాలి. మడ్డి తీసిపోయాలి. దానికి జీతమిచ్చి మనిషిని పెట్టాలి. బిళ్ళను దుకాణదారుడు లాభం కోసం పల్లె దాకా మోసుకొస్తాడు. పటికను మోసుకొచ్చే వాడికి ఏం లాభం? అది ప్రభుత్వం చేయాల్సిన పని. ఆ పని దళితవాడ దాకా రాకముందే ఆగిపోయింది. ఇప్పుడు క్యాను నీళ్ళు కొనుక్కుని తాగమంటున్నారు. కూలి డబ్బుల్లో నీళ్ళకు కోత!

వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. రెండు సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. మధ్యలో ఒక తరం జనం వంకర కాళ్ళతో, గార పళ్ళతో పెరిగారు. నల్లగొండ జనం దశాబ్దాలు కొట్లాడి, 2016లో మొదలైన మిషన్ భగీరథలో కృష్ణా నీళ్ళను గొట్టాల్లో తెప్పించుకున్నారు. వాళ్ళ బాధ వేరు, మన బాధ వేరా?

చివరికి అసలు సంగతి. ఏ సమస్య మీద పరిశోధన చేయాలో, దేనికి డబ్బు పెట్టాలో తేల్చే కుర్చీలో ఎవరు కూర్చున్నారు? 1975 జూన్ 23న కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పరిశోధన చేసే, పరిశోధనను నడిపించే శాస్త్రవేత్తల పోస్టుల్లో గ్రూప్ ఎ మొదటి మెట్టు దాటిన వాటికి రిజర్వేషన్ వర్తించదని దాని సారాంశం. మనం మెట్టు కింద ఉండొచ్చు. గాజు గొట్టాలు కడగొచ్చు. ఏం వెతకాలో చెప్పే చోటికి మాత్రం రాకూడదు. తోలు సంగతే చూడండి. తంగేడు చెక్కతో, కరక్కాయతో, సున్నంతో తోలును ఊనటం మాదిగల విద్య. అది రసాయన శాస్త్రం కాదా? 1948లో మద్రాసులో కేంద్ర చర్మ పరిశోధన సంస్థ వచ్చింది. మన గుంటూరు జిల్లాలో పుట్టిన నాయుడమ్మ గారు దాన్ని నడిపి పెద్ద పేరు తెచ్చారు. విద్య ల్యాబులోకి పోయింది, వ్యాపారం పెట్టుబడి ఉన్నవాడి చేతిలోకి పోయింది. లంద దగ్గర మిగిలింది మనిషి, వాసన.

అందుకని ప్రభుత్వ విజ్ఞానాన్ని అమ్మేయమనే వాళ్ళతో మనం కలవం. ఉన్నది ఉన్నట్టు మెచ్చుకునే వాళ్ళతోనూ కలవం. అది మన పన్నులతో, మన చెమటతో కట్టింది. అందులో మన కుర్చీ మనకు కావాలి.

కార్యకర్తలు ఈ పక్షం చేయాల్సిన పనులు ఇవి. 2019లో వచ్చిన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు నీళ్ళు పరీక్షించటం నేర్పాలని నియమం ఉంది. మీ ఊళ్ళో ఆ అయిదుగురు ఎవరు? అందులో మన అక్కలు, చెల్లెళ్ళు ఎందరు? కిట్టు ఎవరింట్లో ఉంది? గ్రామసభలో లేచి అడగండి. మాలపల్లె బోరింగు, మాదిగపల్లె బోరింగు, పెద్దూరి బోరింగు మూడింటి నీళ్ళూ పరీక్ష చేయించి, అంకెలు పంచాయితీ గోడ మీద రాయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదని గుర్తు పెట్టుకోండి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టండి. 1975 ఉత్తర్వును రద్దు చేయించమని మీ ఎం.పి.ని రాతపూర్వకంగా అడగండి. గురుకులంలో చదివే పిల్లలకు చెప్పండి: డాక్టరు, కలెక్టరే కాదు, ల్యాబులో ఏం వెతకాలో తేల్చే మనిషి కూడా మన వాడల నుంచి రావాలి.

అరుగు మీది అవ్వకు బిళ్ళ ఇచ్చి ఊరుకోబెట్టారు. ఆమె మనవరాలికి బిళ్ళ కాదు, మంచినీళ్ళు కావాలి. అడిగి తెచ్చుకుందాం.

జై భీమ్!